ద్రుతం: ఒక పాత ప్రశ్నకు ఆలస్యపు జవాబు



1994లో నేను కృష్ణాతీరాన ఒక పల్లెటూరి ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుణ్ణి. ఒకనాటి మధ్యాహ్నం పదో తరగతికి సరళాదేశసంధి చెప్పుతున్నాను. నల్లబల్ల మీద 'చూచెను + తల్లి' అని వ్రాసి, పక్కన 'చూచెఁ దల్లి' అని వ్రాసి, అరసున్నను కాస్త పెద్దదిగా దిద్ది, "ద్రుతము అనగా నకారము" అని వల్లె వేయిస్తున్నాను. పరీక్షలు దగ్గరపడుతున్నాయి, చెప్పవలసిన పాఠాలు ఇంకా నాలుగు మిగిలి ఉన్నాయి. అప్పుడు మూడో బల్లలో కూర్చునే ఒక పిల్ల లేచి నిలబడింది. వాళ్లది మేళం వాయించే ఇల్లు. తండ్రి సన్నాయి, తాత డోలు.

"మాస్టారండీ, ద్రుతమంటే రెండని మా తాతయ్య చెప్పాడండి. సున్న చుట్టి చూపిస్తాడండి. మరి మీరు నకారమంటున్నారు..."

నేనన్న మాట ఇది: "ఇది డోలు బడి కాదమ్మా, తెలుగు క్లాసు. కూర్చో."

తరగతి అంతా నవ్వింది. ఆ పిల్ల కూర్చుంది. ఆ ఏడాది చివరిదాకా నన్ను మరొక ప్రశ్న అడగలేదు. పరీక్షలో సంధుల ప్రశ్నకు అందరికంటె బాగా వ్రాసింది కూడాను.

చాలా ఏళ్లు ఈ సంగతి నా మనస్సులో లేదు. ఉన్నదని ఇప్పుడు చెప్పుకుంటే అబద్ధమాడినట్లవుతుంది. పదవీ విరమణ తరువాత, మా మనవరాలు గాత్రం నేర్చుకోవడం మొదలుపెట్టినప్పుడు, దాని నోటుపుస్తకం ఒకసారి తెరిచాను. ఆదితాళం అని శీర్షిక. దాని కింద ఒక నిలువుగీత, ఆ గీత పాదాన చిన్నగా 4 అంకె, పక్కన రెండు సున్నలు. సున్నల కింద గుండ్రని అక్షరాలతో 'ద్రుతం, ద్రుతం'. ముప్పయి ఏళ్ల కిందటి మూడో బల్ల నా కళ్ల ముందుకు వచ్చింది. ఆ పిల్ల అడిగినదానికి జవాబు నాకు అప్పుడు తెలియదు. తెలియదని ఒప్పుకోవడానికి బదులు నవ్వించాను. ఆ జవాబును ఈ మధ్య తీరికగా వెదుక్కున్నాను. అదే ఈ టపా.

మాట పుట్టుక నుండి మొదలుపెడతాను. సంస్కృతంలో 'ద్రు' అనే ధాతువుకు గతి, అంటే పోవడం, అర్థం. ఆ పోవడం కాళ్లతో పరుగెత్తడం కావచ్చు, నీరై కారడం కావచ్చు. ద్రవము, ద్రావకము, ద్రావణము అన్నీ ఈ ఇంటివే. మీదపడి పరుగెత్తి వచ్చేది కనుక ఉపద్రవము కూడా ఈ ఇంటిదే. 'ద్రుతము' అంటే పరుగెత్తినది, కరిగినది. ఈ రెండర్థాలూ మొదటినుంచీ కలిసే ఉన్నాయి, తరువాతి కథ అంతా వాటి మీదనే నడిచింది.

మా తరం పండితులకు ఏ మాటకు సందేహం వచ్చినా ముందుగా చెయ్యి పోయేది అమరకోశం మీదికే. అందులో ఈ మాట మూడు చోట్ల కనబడుతుంది. మొదటి కాండలో వాయువును చెప్పిన వెంటనే శీఘ్రము, త్వరితము, క్షిప్రము వంటి వేగవాచకాల వరుసలో ఒకసారి. నాట్యవర్గంలో సంగీతపు నడకలను చెప్పేటప్పుడు మరొకసారి. మూడో కాండలో విలీనమైనది, అంటే కరిగిపోయినది అనే అర్థంలో ఇంకొకసారి. నాట్యవర్గంలోని ముచ్చట నాకు చాలా ఇష్టం. విలంబితానికి తత్త్వమని, మధ్యానికి ఘనమని, ద్రుతానికి ఓఘమని పేర్లు చెప్పుతాడు అమరసింహుడు. ఓఘమంటే ప్రవాహం, వరద. అంటే ద్రుతలయను ఆయన గుర్రపు పరుగుగా గాక నీటి పరుగుగా చూశాడన్నమాట. కరగడం, పారడం, పరుగెత్తడం ఈ ఒక్క పేరులో కలిసిపోయాయి.

ఇంకొక తమాషా. మొదటి కాండలోని వేగవాచకాలలో 'లఘు' అనే మాట కూడా ఉంది. అమరునికి లఘువూ ద్రుతమూ రెండూ 'త్వరగా' అనే అర్థమిచ్చేవే. మా మనవరాలి నోటుపుస్తకంలోనేమో లఘువు నాలుగు, ద్రుతం రెండు. ఒకే వరుసలో కూర్చున్న ఇద్దరు తాళంలోకి వచ్చేసరికి పెద్దా చిన్నా ఎట్లా అయ్యారు? ఈ చిక్కు ముడి తరువాత విప్పుతాను.

సంగీతంలో ద్రుతమంటే ఏమిటి? 'వేగం' అని చెప్పి ఊరుకుంటాము. శాస్త్రకారుడు అట్లా ఊరుకోలేదు. దేవగిరి యాదవరాజు సింఘణుని కొలువులో ఉండిన శార్ఙ్గదేవుడు పదమూడో శతాబ్దిలో సంగీతరత్నాకరం వ్రాశాడు. ఏడు అధ్యాయాల గ్రంథం, అందులో అయిదోది తాళాధ్యాయం. లయ అంటే ఏమిటో చెప్పుతూ ఆయన అన్న మాటకు తాత్పర్యమిది: ఒక క్రియకూ మరొక క్రియకూ నడుమ ఉండే విశ్రాంతి లయ. క్రియ అంటే చేతితో వేసే దెబ్బ, విసురు వంటివి. చూడండి, లయ ఉన్నది దెబ్బలో కాదు, దెబ్బకూ దెబ్బకూ మధ్య ఉన్న ఖాళీలో. ఆ ఖాళీ అన్నిటికంటె చిన్నదైతే ద్రుతలయ. దానికి రెట్టింపైతే మధ్యలయ. దానికీ రెట్టింపైతే విలంబితలయ. మనం మామూలుగా మధ్యమాన్ని కొలతగా పెట్టుకొని దానికి ఇటు వేగం, అటు నిదానం అనుకుంటాము. శార్ఙ్గదేవుడు ద్రుతాన్నే కొలబద్దగా పెట్టి మిగిలిన రెండింటినీ దానితో కొలిచాడు. వేగమనే మాటకు విశ్రాంతితో కొలత చెప్పడం నాకు మొదట వింతగా తోచింది. తరువాత మా మనవరాలి పక్కన కూర్చొని తాళం వేయడం మొదలుపెట్టినప్పుడు గాని అది ఎంత కచ్చితమైన మాటో తెలియలేదు. చేతిని వేగంగా కదిలించడం ఎవరికైనా సాధ్యమే. కష్టమంతా చెయ్యి ఆగి ఉన్న చోట ఉన్నది.

ఈ గ్రంథానికి వ్యాఖ్యానాలు వ్రాసినవారిలో ఒకరు మనకు దగ్గరివాడు. సంగీతసుధాకరమనే వ్యాఖ్య రాచకొండ నేలిన రేచెర్ల సింగభూపాలుని పేరిట ఉంది. రసార్ణవసుధాకరం కూడా ఆయనదే. మరొక వ్యాఖ్యాత కల్లినాథుడు విజయనగరంలో పదిహేనో శతాబ్దిలో వ్రాశాడు. కాబట్టి దేవగిరిలో పుట్టిన ఈ శాస్త్రచర్చ తెలుగు రాజుల కొలువుల్లో కూడా సాగిందని మరచిపోరాదు.

సంగీతంలోకి రాకముందు గాని, వచ్చిన తరువాత గాని, ద్రుతమనే మాట మాట్లాడేవారి నోటిలో కూడా ఉంది. వేదాధ్యయనంలో, వ్యాకరణంలో ద్రుత, మధ్యమ, విలంబిత అని మూడు వృత్తులు. వృత్తి అంటే ఇక్కడ ఉచ్చారణ నడక. పతంజలి మహాభాష్యంలో దీని మీద ఒక చక్కని చర్చ ఉన్నది. ఒకే అకారాన్ని ఒకడు గబగబ అంటాడు, ఒకడు మెల్లగా అంటాడు, మరొకడు ఇంకా సాగదీసి అంటాడు. అట్లా అన్నంత మాత్రాన హ్రస్వం దీర్ఘమైపోతుందా అని ప్రశ్న. కాదు అని సమాధానం. దానికి ఆయన చూపిన దృష్టాంతం బాట. రథమెక్కినవాడు త్వరగా పోతాడు, గుర్రమెక్కినవాడు అంతకంటె ఆలస్యంగా, కాలినడకవాడు మరీ ఆలస్యంగా. బాట పొడవు మాత్రం మారదు. అట్లాగే పలికేవాడి వేగం పలికేవాడిది, అక్షరపు మాత్ర అక్షరానిది.

ఆ చర్చలోనే ఒక లెక్క కూడా వస్తుంది. ద్రుతవృత్తిలో పట్టే కాలానికి మూడోవంతు కలిపితే మధ్యమ, మధ్యమకు మళ్లీ దాని మూడోవంతు కలిపితే విలంబిత. ద్రుతం తొమ్మిదైతే మధ్యమ పన్నెండు, విలంబిత పదహారు అన్నమాట. సంగీతంలో ఇవే పేర్లు ఒకటి, రెండు, నాలుగు లెక్కన రెట్టింపులుగా పోతాయి. మాటల్లో మూడోవంతు, పాటలో రెట్టింపు. పేర్లు ఒక్కటే అయినా కొలతలు వేరు. ఇది సహజమే ననిపిస్తుంది నాకు. మాట్లాడేవాడు తన వేగాన్ని రెట్టింపు చేస్తే వినేవాడికి అర్థం కాదు. పాడేవాడు రెట్టింపు చేస్తే వినేవాడు తలూపుతాడు.

శిక్షాగ్రంథాల్లో ఈ మూడు వృత్తులను ఎక్కడెక్కడ వాడాలో కూడా నిర్ణయించారు. తాను అభ్యాసం చేసుకునేటప్పుడు ద్రుతం, ప్రయోగవేళ మధ్యమం, శిష్యులకు చెప్పేటప్పుడు విలంబితం. భాషాప్రవీణ చదివే రోజుల్లో నేను దీన్ని బట్టీ పట్టాను, పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకున్నాను. పాణినీయశిక్షలో అధమపాఠకులు ఆరుగురని చెప్పి, పాటలాగా సాగదీసేవాడితోపాటు హడావుడిగా చదివేవాడిని కూడా ఆ జాబితాలో చేర్చారు. లయ తప్పకపోవడాన్ని మంచి పాఠకుని ఆరు గుణాలలో ఒకటిగా చెప్పారు. ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. పరీక్షల ముందు ఆ మధ్యాహ్నం నేను ఏ వృత్తిలో పాఠం చెప్పుతున్నానో మాత్రం నాకు తెలియలేదు.

ఛందస్సులో ద్రుతవిలంబితం అనే వృత్తం ఉన్నది. న, భ, భ, ర గణాలు, పాదానికి పన్నెండక్షరాలు. మూడు లఘువులతో పరుగు మొదలై నాలుగో అక్షరం గురువు దగ్గర ఆగుతుంది. మళ్లీ రెండు లఘువుల పరుగు, మళ్లీ ఒక గురువు. చివర ర-గణంలో అడుగులు బరువెక్కుతాయి. పరుగూ నిదానమూ పేరులోనే ఉన్నాయి. రఘువంశం తొమ్మిదో సర్గలో కాళిదాసు యాభైకి పైగా శ్లోకాలను ఈ వృత్తంలో, నాలుగో పాదాన యమకం పెట్టి మరీ నడిపాడు. చదివే అలవాటున్నవారు ఒక్కసారి ఆ సర్గను పైకి చదివి చూడండి, ఈ మాటకు అర్థం చెవికే తెలిసిపోతుంది.

ఇక చిక్కు ముడి సంగతి. వేగానికి పేరైన ద్రుతం తాళంలో ఒక అంకెకు పేరెట్లా అయింది?

భరతుని నాట్యశాస్త్రంలోని మార్గతాళాలలో కొలతలు లఘువు, గురువు, ప్లుతం. ఒకటి, రెండు, మూడు. ఇవి ఛందస్సు నుండి, అచ్చుల కొలతల నుండి వచ్చిన పేర్లని వేరే చెప్పనక్కరలేదు. చచ్చత్పుటమనే తాళం పేరులోనే దాని కొలతలున్నాయి: చచ్ గురువు, చత్ గురువు, పు లఘువు, చివరి ట ప్లుతం. అక్షరమే తాళానికి తూనిక రాయి. తరువాత దేశితాళాలు వచ్చాయి. శార్ఙ్గదేవుడు నూట ఇరవై లెక్కపెట్టాడు. దేశి అంటే ఆయా ప్రాంతాల జనం పాటల్లోనుంచి, ఆటల్లోనుంచి వచ్చినవి. వాటికి లఘువు కంటె చిన్న ముక్కలు కావలసివచ్చాయి. లఘువులో సగం కావాలి. ఛందస్సును అడిగితే తన దగ్గర లఘువు కంటె చిన్నది లేదన్నది. అప్పుడు లయల పేర్లలోనుంచి అన్నిటికంటె వేగమైనదాన్ని తెచ్చి ఆ సగానికి పెట్టుకున్నారు. ఇది నా ఊహ. కాని మాటల నడత తెలిసినవారికి అసంబద్ధంగా తోచదనుకుంటాను. ఆ ద్రుతంలో కూడా సగం కావలసివచ్చినప్పుడు కొత్త పేరు వెదకకుండా 'అనుద్రుతం' అన్నారు. వీధిమేళాలకు, జానపదుల ఆటలకు శాస్త్రం చోటిచ్చినప్పుడు పుట్టిన మాట ఇది. పండితుల ఛందస్సుకు అందనంత చిన్న ముక్క వాళ్ల చేతుల్లో ఉన్నది.

తాళశాస్త్రంలో ద్రుతానికి పర్యాయపదాలు కొన్ని చెప్పుతారు. అవి చదివిన రోజు నేను పుస్తకం మూసి కాసేపు ఊరకే కూర్చున్నాను. అర్ధమాత్ర, వ్యోమము, వ్యంజనము, బిందువు.

ఒక్కొక్కటే చూడండి. అర్ధమాత్ర అంటే లఘువులో సగం, సరే. వ్యోమమంటే ఆకాశం. మన పూర్వులు సంవత్సరాలను మాటల్లో వ్రాసేటప్పుడు సున్నకు వాడిన పేర్లలో ఆకాశవాచకాలు ముఖ్యం, కాబట్టి వ్యోమమంటే సున్న. బిందువు అన్నా సున్నే. డోలు తాతయ్య చుట్టి చూపించినది అదే. ఇక వ్యంజనమంటే హల్లు. హల్లు ఎందుకు? అచ్చు లేని పొల్లు హల్లుకు అర్ధమాత్ర కాలమని శిక్షాకారుల నిర్ణయం. హ్రస్వం ఒక మాత్ర, దీర్ఘం రెండు, ప్లుతం మూడు, వ్యంజనం అర. కాబట్టి లఘువులో సగమైన తాళభాగానికి వ్యంజనమని పేరు.

ఇప్పుడు నా నల్లబల్ల దగ్గరికి వద్దాం. తెలుగు వ్యాకరణంలో ద్రుతమేమిటి? న్ అనే హల్లు. అచ్చు లేని పొల్లు. అంటే అర్ధమాత్ర. అది తరువాతి మాటను తాకినప్పుడు ఏమవుతుంది? బిందువవుతుంది. 'చూచెను + తల్లి' అన్నప్పుడు ముందు తకారం దకారమై మెత్తబడుతుంది. తరువాత ద్రుతం 'చూచెఁ దల్లి' అని అరసున్నగా నిలుస్తుంది, 'చూచెందల్లి' అని నిండుసున్నగా నిలుస్తుంది, 'చూచెన్దల్లి' అని సంశ్లేషంగా కూడా నిలుస్తుంది. 'చూచె రాజు' అన్నట్లు కొన్ని చోట్ల బొత్తిగా కనబడకుండా పోతుంది. హల్లు, అర్ధమాత్ర, సున్న, శూన్యం. డోలు వాయించే ముసలాయన తన మనవరాలికి చుట్టి చూపించిన సున్నా, నేను నల్లబల్ల మీద గొప్పగా దిద్దిన అరసున్నా ఒకే పేరుకు రెండు గురుతులు. ఆ పిల్ల అడిగినది తరగతికి సంబంధం లేని ప్రశ్న కాదు. ఆ పీరియడులో ఎవరైనా అడగగలిగిన వాటిలో అన్నిటికంటె లోతైన ప్రశ్న అదే.

తాళంలోని ద్రుతం నుండి వ్యాకరణంలోని ద్రుతం పుట్టిందని నేననను. అట్లా అనడానికి నా దగ్గర ఆధారం లేదు, అవసరం కూడా లేదు. మా గురువులు దీనికి వ్యుత్పత్తి చెప్పేటప్పుడు కరిగిపోయేది కనుక ద్రుతమనేవారు. అమరుని మూడో కాండలోని అర్థమిది. తాళంలోనిది పరుగెత్తేది కనుక ద్రుతం, మొదటి కాండలోని అర్థమది. ఒకే ధాతువు రెండు వైపులా ప్రవహించి, రెండు చోట్లా అరమాత్ర దగ్గర, సున్న దగ్గర తేలింది. చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో అచ్చయినది మొదలు ఎన్ని వేలమంది ఉపాధ్యాయులు ఈ సంజ్ఞను వల్లె వేయించి ఉంటారో! నాతో సహా మాలో ఎక్కువమందికి పక్కవీధిలోని మేళగాడు అదే మాటను రోజూ తొడ మీద కొడుతున్నాడని తెలియదు.

కర్ణాటక సంగీతంలో ఇప్పుడు ద్రుతం పరిస్థితి వేరు. సప్తతాళాలు, అయిదు జాతులు, కలిపి ముప్పయి అయిదు తాళాలు. జాతి మారినప్పుడు లఘువు మూడు, నాలుగు, అయిదు, ఏడు, తొమ్మిది అక్షరాలుగా మారుతుంది. ద్రుతం మారదు. ఏ జాతిలోనైనా రెండే. ఒక దెబ్బ, ఒక విసురు. నాలుగక్షరాల చతురస్రలఘువులో సగం రెండు కాబట్టి పాత అర్ధమాత్ర లెక్క ఇక్కడ ఇప్పటికీ బ్రతికే ఉంది. ఆదితాళంలో నాలుగు, రెండు, రెండు, వెరసి ఎనిమిది. ఖండజాతి అటతాళంలో అయిదు, అయిదు, రెండు, రెండు, వెరసి పద్నాలుగు. తేలిక అని పేరున్న లఘువు తన బరువు మార్చుకుంటుంది. పరుగు అని పేరున్న ద్రుతం ఉన్నచోటనే ఉంటుంది. పేర్లను నమ్మరాదని పెద్దలు ఊరకే అన్నారా!

వేగమనే అర్థంలో ఈ మాట హిందుస్తానీ సంగీతంలో నిలిచింది. అక్కడ ముందు విలంబిత ఖయాలు, తరువాత ద్రుత ఖయాలు పాడటం పరిపాటి. మన వైపు వేగాన్ని కాలాలతో చెప్పుతాము: మొదటి కాలం, రెండో కాలం, మూడో కాలం. నిదానానికి చౌకమంటాము. తెలుగువాడికి చౌక అనగానే ధర తక్కువ అని తోస్తుంది గాని, సంగీతంలో అన్నిటికంటె ఖరీదైన పని చౌకకాలంలో పాడటమే. చెన్నపట్నపు విద్వాంసుల ప్రభావం వల్ల 'దురితకాలం' అనే మాట కూడా మన నోట పడింది. అరవంలో త్వరితం 'తురిదం' అయింది. అది తెలుగు లిపిలోకి వచ్చి దురితమైంది. తెలుగులో, సంస్కృతంలో దురితమంటే పాపం! తాళం తప్పించి పరుగెత్తే కచేరీలు కొన్ని విన్న తరువాత ఆ పేరు తప్పని కూడా అనలేకపోతున్నాను.

ఇక్కడ కాలానికీ లయకూ భేదం చెప్పాలి, ఎందుకంటే నేనే చాలాకాలం రెండూ ఒకటనుకున్నాను. సరళీస్వరాలను మూడు కాలాల్లో సాధన చేయిస్తారు గదా. మొదటి కాలంలో ఒక దెబ్బకు ఒక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. పుస్తకాల్లో స్వరాల నెత్తిన ఒక గీత, రెండు గీతలు గీసి దీన్ని చూపిస్తారు. నోరు రెట్టింపు, నాలుగింతలు అవుతుంది. చెయ్యి మాత్రం అదే నడకలో ఉండాలి. దెబ్బకూ దెబ్బకూ మధ్య విశ్రాంతి మారరాదు. శార్ఙ్గదేవుని నిర్వచనం ప్రకారం చూస్తే మూడో కాలంలో లయ ఏమీ మారలేదు, ఆ విశ్రాంతిలో పట్టే స్వరాలే పెరిగాయి. పతంజలి బాట తిరగేసినట్లు ఉంటుంది ఇది. అక్కడ ప్రయాణికుని వేగం మారుతుంది, బాట మారదు. ఇక్కడ స్వరాల వేగం మారుతుంది, తాళమనే బాట మారదు.

ఇదంతా తెలుసుకున్న తరువాత ఆ పిల్లకు ఉత్తరం వ్రాద్దామనుకున్నాను. ఇప్పుడామెకు నలభై అయిదేళ్లు దాటి ఉంటాయి. ఆ ఊరికి వెళ్లి విచారించాను. తాతగారు పోయి చాలాకాలమైందట. తండ్రి మేళం మానేశాడట. ఆమె పెళ్లై వెళ్లిన ఊరు చెప్పగలిగినవారు ఎవరూ దొరకలేదు. వారి ఇంటి స్థలంలో సిమెంటు కొట్టు ఉన్నది. కాసేపు నిలబడి బస్సెక్కి వచ్చేశాను.

మా మనవరాలు ఇప్పుడు జంటస్వరాల్లో ఉంది. నిన్న సాయంత్రం, "తాతయ్యా, మూడో కాలం నేను పాడతాను, నువ్వు తాళం వెయ్యి" అన్నది. వేశాను. లఘువు సవ్యంగానే వచ్చింది. దాని నోట స్వరాలు జోరందుకునేసరికి నా చెయ్యి కూడా జోరందుకున్నది. మొదటి ద్రుతం దగ్గరే విసురు ముందు పడిపోయింది. అది పాట ఆపి, నా మణికట్టు పట్టుకొని, దెబ్బ వేయించి, కాసేపు ఆపి, అప్పుడు విసురు వేయించింది.

"తొందరపడకు తాతయ్యా. ద్రుతమంటే రెండు."

"సరేనమ్మా" అన్నాను. మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నాము.